పూసల పొరతో నానోస్తంభాల ఉపరితలం: అచ్చు చెక్కడం నుంచి కణాల పరీక్ష దాకా

ఏ మందూ పూయకుండా, ఉపరితలం ఆకారంతోనే బ్యాక్టీరియాను చంపవచ్చని 2012లో ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్ యూనివర్సిటీ నుంచి ఎలీనా ఇవనోవా బృందం చూపించింది. వాళ్లు పరిశీలించింది సికాడా అనే పురుగు రెక్క. దాని మీద సుమారు 200 నానోమీటర్ల ఎత్తున్న స్తంభాలు, ఒకదానికొకటి 170 నానోమీటర్ల దూరంలో, వరుసలు తీరి ఉంటాయి. సూడోమోనాస్ ఎరుజినోసా బ్యాక్టీరియా వాటికి అంటుకుంటే కొద్ది నిమిషాల్లోనే కణపొర తెగి చచ్చిపోతుంది. రెక్కకు పలుచగా బంగారం పూసి దాని రసాయన స్వభావాన్ని మార్చి చూశారు. అప్పటికీ బ్యాక్టీరియా చస్తూనే ఉంది. చంపుతున్నది ఆ స్తంభాల ఆకారమేనని అలా తేలింది.

అలాంటి ఉపరితలాన్ని మీరే తయారుచేసుకునే ఒక దారి ఇది. పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన నానో పూసలను నీటి మీద ఒంటిపొరగా తేల్చి, సిలికాన్ మీదికి దించి, ప్లాస్మాతో (విద్యుత్తుతో అయాన్లుగా మార్చిన వాయువుతో) సన్నబరచి, వాటినే మాస్కుగా, అంటే కింది భాగాన్ని చెక్కుడు నుంచి కాపాడే ముసుగుగా పెట్టి సిలికాన్‌ను చెక్కుతాం. చెక్కిన ముక్కను అచ్చుగా వాడి పాలిమర్ నకళ్లు తీస్తాం. 1981లో ఫిషర్, జింగ్‌షైమ్, ఆ మరుసటి ఏడు డెక్‌మన్, డన్స్‌మూర్ వేసిన బాట ఇది. ఎలక్ట్రాన్ బీమ్ లితోగ్రఫీతో ఇంతకంటే కచ్చితమైన నమూనా గీయవచ్చు. కానీ అది చుక్క తర్వాత చుక్క గీస్తుంది కాబట్టి చదరపు సెంటీమీటరు నింపడానికే చాలా సమయం తింటుంది. కణాలతో ప్రయోగం చేసేవాళ్లకు ఒక ముక్క చాలదు, డజన్ల కొద్దీ కావాలి. అందుకే మొదటిసారి ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను పూసల దారినే చెబుతాను.

ఇది ఇంట్లో చేసే పని కాదు. ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగేసే అర), ప్లాస్మాతో చెక్కే రియాక్టివ్ అయాన్ ఎచింగ్ యంత్రం, స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అందుబాటులో ఉండాలి. వీటి మీద శిక్షణ పొందినవాళ్లు మొదటి రోజుల్లో పక్కన ఉండాలి.

పని మొదలయ్యే ముందే ఒక నియమం పెట్టుకోండి. మీరు చేసే ప్రతి నానో ముక్కకూ ఒక చదును జోడీ ఉండాలి. అదే వేఫర్‌లోది (వేఫర్ అంటే పలుచని సిలికాన్ బిళ్ల), అవే వాయువులు తగిలినది, అదే పూత పడినది, స్తంభాలు మాత్రం లేనిది. ఈ జోడీ లేకపోతే మీకు కనిపించిన ఫలితం ఆకారం వల్ల వచ్చిందో, ప్లాస్మా వదిలిపోయిన మడ్డి వల్ల వచ్చిందో తేల్చే మార్గమే ఉండదు. కింద చెప్పే ప్రతి దశలోనూ ఈ జోడీ మీ వెంట రావాలి.

1. కొలతలు ముందు కాగితం మీద తేల్చుకోండి

ఈ పద్ధతిలో మూడు కొలతలు మూడు వేర్వేరు దశల్లో ఖాయమవుతాయి. పూస వ్యాసం ఎంతో స్తంభాల కేంద్రాల మధ్య దూరం అంత. దీన్నే పిచ్ అంటారు. పూసను ప్లాస్మాలో ఎంత సన్నబరిస్తే స్తంభం మందం అంత. సిలికాన్‌ను ఎంతసేపు చెక్కితే ఎత్తు అంత. ఒకదాన్ని మారిస్తే మిగతావి పెద్దగా కదలవు. ఈ పద్ధతి మీద నాకున్న ఇష్టమంతా ఇందుకే.

ఇక ఏ కొలత కావాలన్నది ఆ ఉపరితలం చేయాల్సిన పనిని బట్టి ఉంటుంది.

నీరు నిలవని ఉపరితలం కావాలంటే కాసీ, బాక్స్‌టర్ 1944లో ఇచ్చిన లెక్క చాలు. బొట్టు స్తంభాల కొనల మీదే నిలిచి, మధ్యలో గాలి మిగిలిపోయిందనుకోండి. చదును ఉపరితలం మీద స్పర్శకోణం, అంటే బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం, దాని కొసైన్‌కు 1 కలపండి. దాన్ని బొట్టు తాకే ఘనభాగంతో (బొట్టు కింది వైశాల్యంలో స్తంభాల కొనల వాటాతో) గుణించి, వచ్చినదాంట్లోంచి 1 తీసేయండి. అది కొత్త స్పర్శకోణం కొసైన్. షడ్భుజాకారపు అమరికలో, కొనలు చదునుగా ఉన్న స్తంభాలకు ఘనభాగం ఎంతంటే, మందాన్ని పిచ్‌తో భాగించి, వర్గం చేసి, 0.907తో గుణించాలి.

ఉదాహరణకు 500 నానోమీటర్ల పూసలు, నీటిని నెట్టేసే ఫ్లోరోసిలేన్ పూత తీసుకుందాం. ఆ పూత చదును ముక్క మీద సుమారు 108 డిగ్రీల కోణం ఇస్తుంది. స్తంభం మందం 250 నానోమీటర్లైతే ఘనభాగం 0.227. లెక్క కడితే కోణం దాదాపు 147 డిగ్రీలు వస్తుంది. మందాన్ని 150కి తగ్గిస్తే ఘనభాగం 0.082కి పడిపోయి కోణం దాదాపు 161 డిగ్రీలకు చేరుతుంది. అతిజలవికర్షకం (నీటిని విపరీతంగా నెట్టేసేది) అనిపించుకోవడానికి గీత 150 డిగ్రీలు. అంటే ఇక్కడ మీ భవిష్యత్తును నిర్ణయించేది పూసను ఇంకో 100 నానోమీటర్లు సన్నబరచడమే. ఈ లెక్కకు పది నిమిషాలు పడుతుంది, వారం పనిని మిగులుస్తుంది.

మెరుపు తగ్గించే గాజు లాంటి పారదర్శక ఉపరితలానికి నియమం వేరు. చిమ్మట కంటి మీద ఇలాంటి గుబ్బలుంటాయని 1962లో బెర్న్‌హార్డ్, మిల్లర్ వివరించారు. పిచ్, కాంతి తరంగదైర్ఘ్యాన్ని పదార్థపు వక్రీభవన గుణకంతో భాగించినదానికంటే తక్కువ ఉండాలి. అప్పుడే కాంతి వివర్తనం చెంది రంగులు చిమ్మకుండా ఉంటుంది. 400 నానోమీటర్ల కాంతి, 1.5 గుణకం ఉన్న గాజు అయితే 267 వస్తుంది కాబట్టి 250 లేదా అంతకంటే చిన్న పూసలు ఎంచుకోండి. ఇక్కడ స్తంభం నిలువుగా కాకుండా పైకి పోనుపోను సన్నగా ఉంటే మేలు. గాలి నుంచి గాజులోకి గుణకం ఒక్కసారిగా కాక మెల్లగా మారుతుంది.

బ్యాక్టీరియాను చంపాలంటే సికాడా రెక్కనే కొలతగా పెట్టుకోండి. పిచ్ 200 లోపు, కొన మందం 100 లోపు. మనిషి కణాల విషయంలో మాత్రం ఆలోచన మార్చుకోవాలి. యోఆఖిమ్ స్పాట్జ్ బృందం 2004లో బంగారు నానోచుక్కల మీద చేసిన పనిలో, కణం పట్టుకునే చుక్కల మధ్య దూరం 58 నానోమీటర్లు ఉన్నప్పుడు కణాలు బాగా అతుక్కున్నాయి, 73 దాటేసరికి పట్టు సడలింది. గ్లాస్గోలో మాథ్యూ డాల్బీ బృందం 2007లో చూపించింది ఇంకా ఆసక్తికరం. 120 నానోమీటర్ల వ్యాసం, 100 లోతు, సగటున 300 దూరం ఉన్న గుంటలను కచ్చితమైన చదరంగా కాకుండా, ఒక్కోదాన్ని 50 నానోమీటర్ల వరకు అటూ ఇటూ జరిపి పేరిస్తే, మూలకణాలు ఎముక కణాల వైపు మళ్లాయి. కాబట్టి జీవకణాలతో పని అనుకున్నప్పుడు చక్కటి క్రమమే ఉత్తమం అనే నమ్మకాన్ని కాస్త పక్కన పెట్టండి.

2. వేఫర్‌ను శుభ్రం చేయండి

సిలికాన్ ముక్కను అసిటోన్‌లో, ఐసోప్రొపనాల్‌లో, శుద్ధజలంలో వరుసగా అల్ట్రాసోనిక్ తొట్టిలో ఐదేసి నిమిషాలు ఉంచండి. అసిటోన్ ఆరిపోనివ్వకండి, ఆరితే మరకలు కడతాయి. తర్వాత ఐదు వంతులు నీరు, ఒక వంతు అమ్మోనియం హైడ్రాక్సైడ్, ఒక వంతు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రావణంలో 75 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు. సిలికాన్ పరిశ్రమలో 1960ల నుంచి నడుస్తున్న ఈ కడుగుడు వెర్నర్ కెర్న్ రూపొందించినది.

సల్ఫ్యూరిక్ ఆమ్లం, పెరాక్సైడ్ కలిపిన పిరానా ద్రావణం గురించి చాలాచోట్ల రాసి ఉంటుంది. పనిచేస్తుంది, నిజమే. కానీ అందులో కొద్దిపాటి అసిటోన్ పడినా పేలవచ్చు, మూత పెట్టిన సీసా పగిలిపోవచ్చు. పై ద్రావణమో ఆక్సిజన్ ప్లాస్మానో ఉన్నప్పుడు దాని అవసరం మీకు లేదు.

శుభ్రమైందో లేదో నీరే చెబుతుంది. ముక్కను నీటిలోంచి పైకి తీస్తే నీరు తెగకుండా పలుచని పొరగా పరుచుకోవాలి. ఎక్కడైనా బొట్టుగా ముడుచుకుంటే మళ్లీ మొదటికి వెళ్లండి. కడిగిన ముక్కను నీటిలోనే ఉంచి గంటలోపు వాడేయండి.

3. పూసల ఒంటిపొరను తేల్చండి

ఈ పనిలో చేతినైపుణ్యమంతా ఇక్కడే ఉంది. తర్వాతి దశలన్నీ యంత్రాలు చేస్తాయి. ఇక్కడ పొర చెడితే ఏ యంత్రమూ దాన్ని బాగు చేయలేదు. అందుకని తొందరపడకండి.

పూసలు కొనేటప్పుడు వాటి వ్యాసంలో తేడా మూడు శాతంలోపు ఉన్న రకం తీసుకోండి. ఒక పెద్ద పూస వరుసలోకి దూరితే దాని చుట్టూ వరుసలన్నీ పగుళ్లిస్తాయి. సీసాలో వచ్చే ద్రవంలో పూసలు ముద్దకట్టకుండా సబ్బు లాంటి సర్ఫాక్టెంట్ కలిపి ఉంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేట తీసేసి, శుద్ధజలంలో మళ్లీ కలపడం రెండు మూడుసార్లు చేస్తే అది పోతుంది. ఆ తర్వాత సమానంగా ఇథనాల్ కలిపి అల్ట్రాసోనిక్ తొట్టిలో పది నిమిషాలు ఉంచండి.

వెడల్పాటి గాజు పళ్లెంలో శుద్ధజలం పోయండి. పళ్లెం అడుగున చిన్న వాలుబల్ల పెట్టి, దాని మీద కడిగిన వేఫర్ ముక్కను ముందే ఉంచేయండి. ప్లాస్మాలో శుభ్రం చేసిన గాజు స్లైడును వాలుగా పట్టి, దాని కొస నీటిని తాకేలా నిలపండి. ఇప్పుడు పూసల ద్రవాన్ని మైక్రోపిపెట్‌తో కొద్దికొద్దిగా స్లైడు మీద వదలండి. ఇథనాల్ తలతన్యత నీటికంటే బాగా తక్కువ. అందుకే ద్రవం నీటిని తాకగానే ఉపరితలం మీద వేగంగా పరుచుకుంటూ పూసలను కూడా తోసుకుపోతుంది. మొదట్లో విడివిడి తెప్పలుగా తేలుతాయి. ఇంకా వదులుతూ పోతే ఆ తెప్పలు కలిసి పాల మీద మీగడలా ఒకే పొర అవుతాయి.

చుక్కలు మరీ వేగంగా వదిలితే పూసలు పరుచుకునే లోపే నీటిలో మునిగిపోతాయి, నీరు పాలరంగుకు తిరుగుతుంది. అప్పుడు ఆపి, నీరు మార్చి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది. మునిగిన పూసలు తర్వాత వేఫర్‌కు అంటుకుని రెండో పొరగా కనిపిస్తాయి.

నీటి ఉపరితలంలో ముప్పాతిక భాగం నిండాక ఆపండి. సోడియం డోడెసిల్ సల్ఫేట్ రెండు శాతం ద్రావణం ఒక్క చిన్న బొట్టు, పొరకు దూరంగా అంచు దగ్గర వదలండి. అది తలతన్యతను తగ్గించి పొరను అవతలి వైపుకు నెడుతుంది, పూసలు దగ్గరికి చేరి గట్టిగా పేరుకుంటాయి. పొర ఒక్కసారిగా కుదించుకుని, రంగు ఒకే తీరున మెరిస్తే సరిపోయినట్టు. రెండో బొట్టు వేయాలని చెయ్యి లాగుతుంది, వేయకండి. ఎక్కువైతే పొర మడతలు పడుతుంది.

ఇప్పుడు పొర కింద ఉన్న నీటిని సన్నటి గొట్టంతో సైఫన్ చేసి మెల్లగా తీసేయండి. నీటిమట్టం దిగేకొద్దీ పొర వేఫర్ మీదికి దిగుతుంది. ముక్కలో సగం మీదే పొర పడేలా చూసుకుంటే రెండో సగం మీ చదును జోడీ అవుతుంది. పొర అంచు గీతను వెంటనే ముక్క వెనక వైపు గుర్తు పెట్టుకోండి. ముక్కను ఐదు పది డిగ్రీల వాలులో గాలికి ఆరనివ్వండి. నీరు ఒకవైపు నుంచే జారుతూ ఆరాలి. బల్లపరుపుగా ఆరబెడితే నడిమధ్యన నీరు చిక్కుకుని, ఆరేటప్పుడు పూసలను లాగి పగుళ్లు పెడుతుంది. హెయిర్ డ్రయ్యరు, హాట్‌ప్లేటు ఏవీ వద్దు.

4. మైక్రోస్కోపుకు ముందు ఒక దీపంతో చూడండి

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లేముందు నిమిషం పట్టే పరీక్ష ఒకటుంది. చీకటి గదిలో చిన్న తెల్లటి టార్చిని కంటి పక్కనే పెట్టుకుని ముక్కను వాలుస్తూ చూడండి. పూసల వరుసలు వివర్తన జాలకంలా పనిచేసి కాంతిని వెనక్కి కొడతాయి. 500 నానోమీటర్ల పూసలైతే వరుసల మధ్య దూరం 433. నీలం దాదాపు 31 డిగ్రీల వాలులో, ఎరుపు దాదాపు 49 డిగ్రీల వాలులో కనిపించాలి. ముక్కను ఆ వాలులోనే ఉంచి గుండ్రంగా తిప్పితే ప్రతి 60 డిగ్రీలకూ మెరుపు తిరిగి వస్తుంది. వేర్వేరు చోట్ల వేర్వేరు కోణాల్లో మెరిస్తే, వరుసలు వేర్వేరు దిశల్లో తిరిగిన మచ్చలుగా విడిపోయాయన్నమాట. తెల్లగా పాలిపోయిన చోట రెండు పొరలు ఉన్నాయి, ఏ కోణంలోనూ రంగు రాని చోట పూసలే లేవు.

ఈ పరీక్ష 230 నానోమీటర్ల కంటే చిన్న పూసలకు పనికిరాదు. అక్కడ వెనక్కి వచ్చే కాంతి కంటికి కనిపించని తరంగదైర్ఘ్యాలకు జారిపోతుంది. సికాడా కొలతల్లో పనిచేసేవాళ్లకు మైక్రోస్కోపు తప్ప దారి లేదు. అందుకే పని నేర్చుకునేటప్పుడు 500తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక కిందికి దిగమంటాను.

5. పూసలను సన్నబరచండి

రియాక్టివ్ అయాన్ ఎచింగ్ యంత్రంలో ఆక్సిజన్ ప్లాస్మా పెడితే పూసలు ఎక్కడివక్కడే ఉండి చిక్కిపోతాయి. ఎన్ని వాట్లు, ఎంత పీడనం, ఎన్ని సెకన్లు అని ఇంకొకరి పట్టికలోంచి తీసుకోకండి. యంత్రానికీ యంత్రానికీ మారుతుంది. ఒకే పొర నుంచి నాలుగు ముక్కలు కోసి, 30, 60, 90, 120 సెకన్లు పెట్టి, మైక్రోస్కోపులో వ్యాసాలు కొలిచి, ఎన్ని సెకన్లకు ఎంత వ్యాసమో చూపే గ్రాఫు గీత గీయండి. మీ యంత్రానికి ఆ గీతే ప్రమాణం. ప్రతిసారీ మొదలుపెట్టేముందు యంత్రం లోపలి ఖాళీ అరలో కొన్ని నిమిషాలు ఆక్సిజన్ ప్లాస్మా నడిపితే, ముందు వాడినవాళ్లు వదిలిపోయిన మడ్డి కాలిపోయి గీత నిలకడగా ఉంటుంది.

వేడి విషయంలో జాగ్రత్త పడండి. పాలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అలా మెత్తబడితే పక్కపక్క పూసలు ఒకదానికొకటి అతుక్కుని, సన్నబడేటప్పుడు మధ్యలో దారాల్లాంటి వంతెనలు మిగులుతాయి. తక్కువ పవర్ వాడండి, 30 సెకన్లకోసారి ఆపి చల్లారనివ్వండి.

6. సిలికాన్‌ను చెక్కండి

సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఒక్కటే వాడితే అది పక్కలకు కూడా తినేస్తుంది, స్తంభం నడుము సన్నబడి విరిగిపోతుంది. దానితోపాటు ఆక్టాఫ్లోరోసైక్లోబ్యూటేన్ కూడా ఒకేసారి వదిలితే గోడల మీద రక్షణపొర పడుతూ, చెక్కుడు కిందికే సాగుతుంది. రెండింటి నిష్పత్తి మారిస్తే గోడ వాలు మారుతుంది. మెరుపు తగ్గించే ఉపరితలానికి కావాల్సిన శంఖాకారం ఇక్కడే వస్తుంది. ఎంతసేపు చెక్కితే ఎంత ఎత్తో చూపే గీత ఇక్కడ కూడా గీయండి.

చెక్కుతున్నంతసేపూ పూస కూడా కరుగుతుంటుంది. బాగా సన్నబరచిన పూస ఎత్తు కూడా తగ్గే ఉంటుంది కాబట్టి ఎత్తైన స్తంభం పూర్తయ్యేలోపే మాస్కు అయిపోవచ్చు. అంత ఎత్తు కావాలంటే మొదటే వంద నానోమీటర్ల సిలికాన్ ఆక్సైడ్ పెంచిన వేఫర్ తీసుకోండి. పూసల ఆకారాన్ని ముందు ఆక్సైడ్‌లోకి దించి, ఆ ఆక్సైడ్‌ను మాస్కుగా పెట్టి సిలికాన్‌ను చెక్కవచ్చు.

బంగారు పొర వేసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచి చెక్కే పద్ధతి కూడా ఉంది. పొడవైన నానోతీగలకు అది నిజంగా గొప్పది. కానీ ఆ ఆమ్లం చర్మం లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని లాగేస్తుంది. మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, కాస్త ఎక్కువ చోట పడితే ప్రాణం పోవచ్చు. ప్రత్యేక శిక్షణ, కాల్షియం గ్లూకొనేట్ జెల్, పక్కన ఇంకో మనిషి లేకుండా దాని జోలికి వెళ్లవద్దు.

7. మాస్కు తీసి, అంటుకోని పూత వేయండి

ఆక్సిజన్ ప్లాస్మాలో పది నిమిషాలు పెడితే మిగిలిన పూసలు పోతాయి. దాంతోపాటు గోడల మీద మిగిలిన ఫ్లోరోకార్బన్ పొర కూడా పోవాలి. చాలామందిని తప్పుదారి పట్టించేది ఇదే. ఆ మడ్డి స్వతహాగా నీటిని నెట్టేస్తుంది, దాన్ని చూసి స్తంభాలు పనిచేస్తున్నాయని మురిసిపోతారు. మీ చదును జోడీ మీద ఒక బొట్టు వేయండి. అది చక్కగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, ముడుచుకుంటే మడ్డి ఇంకా ఉన్నట్టు.

తర్వాత డెసికేటర్‌లో (గాలి చొరకుండా మూసుకునే గాజు పాత్రలో) ముక్కలతోపాటు చిన్న మూతలో రెండు మూడు బొట్ల పర్ఫ్లోరోఆక్టైల్ ట్రైక్లోరోసిలేన్ ఉంచి, గాలి లాగేసి రెండు గంటలు వదిలేయండి. తేమ తగిలితే ఇది హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది కాబట్టి అంతా ఫ్యూమ్ హుడ్ లోపలే.

8. నకళ్లు తీయండి

ఒక చిన్న విషయం మరచిపోయి వారాలు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. స్తంభాలున్న అచ్చు మీద పోసిన పాలిమర్‌లో గుంటలు వస్తాయి. స్తంభాలు కావాలంటే నకలుకు మళ్లీ నకలు తీయాలి. సిలికాన్ అచ్చు, దాని మీద పీడీఎంఎస్ రబ్బరు, ఆ రబ్బరు అచ్చుగా తుది పాలిమర్. ఇలా రెండు మెట్లు.

పీడీఎంఎస్ ద్రవాన్ని, గట్టిపరిచే ద్రవాన్ని బరువులో పదికి ఒకటి కలిపి, వ్యాక్యూమ్‌లో బుడగలు పోయేదాకా ఉంచి, అచ్చు మీద పోసి, 65 నుంచి 70 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు గట్టిపడనివ్వండి. చల్లారాక ఒక మూల నుంచి నెమ్మదిగా, ఒకే దిశలో వొలవండి. మామూలు పీడీఎంఎస్ మెత్తన. అందులో సన్నటి ఆకారాలు గుండ్రబడతాయి, ఎత్తైనవి పక్కకు వాలి ఒకదానికొకటి అంటుకుపోతాయి. 2000లో ష్మిడ్, మిషెల్ రూపొందించిన గట్టి రకం పీడీఎంఎస్ ఇందుకు మందు. దాన్ని పలుచగా అచ్చు మీద వేసి, దాని వెనక మామూలుది మందంగా పోస్తే ఆకారం నిలుస్తుంది, వొలిచేటప్పుడు విరగదు. 300 నానోమీటర్ల కంటే సన్నటి పనికి మొదటి నుంచీ దాన్నే వాడండి.

రెండో మెట్టుకు రెండు దారులున్నాయి. కణాల ప్రయోగానికైతే పాలీస్టైరీన్ రేకును 130 డిగ్రీల దాకా వేడి చేసి రబ్బరు అచ్చును తేలికగా ఒత్తండి. కణాలు పెంచే డిష్‌లు కూడా పాలీస్టైరీనే కాబట్టి పోలిక సులువు. ఎక్కువ ఒత్తిడి పెడితే రబ్బరే అణిగిపోతుంది. అచ్చు తీసేముందు రేకు 80 డిగ్రీల కిందికి చల్లారాలి, లేకపోతే స్తంభాలు సాగి దారాలవుతాయి. సాంకేతిక ఉపయోగాలకు, ముఖ్యంగా గాజు మీద, అతినీలలోహిత కాంతితో గట్టిపడే రెసిన్ మేలు. పీడీఎంఎస్ గుండా ఆక్సిజన్ దూరి అక్రిలేట్ రెసిన్ పైపొరను జిగటగానే ఉంచేస్తుంది. నైట్రోజన్ వాయువులో పెట్టి గట్టిపరిస్తే ఆ సమస్య తీరుతుంది. చదును జోడీ నుంచి కూడా ఇవే రెండు మెట్లలో నకళ్లు తీయడం మరవకండి.

9. కొలవండి

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పైనుంచి చూస్తే మందం, పిచ్ తెలుస్తాయి. ఎత్తు కోసం ముక్కను 45 డిగ్రీలు వాల్చి, తెర మీద కనిపించిన ఎత్తును 0.707తో భాగించండి. ఒకే చోట తీసిన అందమైన బొమ్మ దేనికీ సాక్ష్యం కాదు. ముక్క మీద ముందే నిర్ణయించుకున్న తొమ్మిది చోట్ల తీసి సగటు, తేడా రెండూ రాయండి. అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు సూది దట్టమైన స్తంభాల మధ్య అడుగు దాకా వెళ్లలేదు. అది చెప్పే ఎత్తు అసలుకంటే తక్కువ రావచ్చు.

నీటి పరీక్షలో నిలకడగా ఉన్న బొట్టు కోణం ఒక్కటి చాలదు. బొట్టులోకి నీరు ఎక్కిస్తూ ముందుకు జరిగేటప్పటి కోణం, లాగేస్తూ వెనక్కి జరిగేటప్పటి కోణం రెండూ తీసుకోండి. రెండింటి మధ్య తేడా 10 డిగ్రీల లోపు ఉంటేనే బొట్టు నిజంగా జారిపోతుంది. కోణం 150 దాటినా తేడా ఎక్కువుంటే, నీరు స్తంభాల మధ్యకు దిగి పట్టుకుందన్నమాట. 1936లో వెంజెల్ చెప్పిన స్థితి అది. మొదటి దశలో కాగితం మీద వేసిన లెక్కను ఇప్పుడు పక్కన పెట్టి పోల్చండి.

10. జీవకణాలతో పరీక్ష

సిలికాన్ గుండా కాంతి పోదు. కింది నుంచి చూసే మైక్రోస్కోపు మీ ల్యాబ్‌లో ఉంటే ఈ పరీక్షలకు పారదర్శకమైన పాలిమర్ నకళ్లే తీసుకోండి.

నకళ్లను 70 శాతం ఇథనాల్‌లో ముంచి క్రిమిరహితం చేయండి. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. ఇథనాల్ స్తంభాల మధ్యకు సులువుగా దిగుతుంది. ఆ తర్వాత ఆరనివ్వకుండా బఫర్ ద్రావణంతో మెల్లగా మార్చుకుంటూ పోతే గాలి చిక్కుకోదు. పొడి ముక్కను నేరుగా ద్రావణంలో వేస్తే బ్యాక్టీరియాకూ స్తంభాల గోడలకూ మధ్య గాలి పొర ఉండిపోతుంది. అప్పుడు మీరు పరీక్షించేది గాలి బుడగను.

బ్యాక్టీరియాను చూడటానికి సైటో 9, ప్రొపిడియం అయోడైడ్ జంట రంగులు వాడతారు. మొదటిది అన్ని కణాల్లోకీ వెళ్లి ఆకుపచ్చగా, రెండోది పొర తెగినవాటిలోకే వెళ్లి ఎర్రగా మెరుస్తుంది. రంగు మీదే ఆధారపడకండి. కణాలను ఉపరితలం నుంచి దింపి అగార్ పళ్లెంలో పెంచి, ఎన్ని కాలనీలు వచ్చాయో కూడా లెక్కపెట్టండి. అతుక్కోకుండా జారిపోయినవి వేరు, అతుక్కుని చచ్చినవి వేరు. నానో ముక్క మీద తక్కువ కణాలు కనిపించినంత మాత్రాన అది చంపుతోందని కాదు. కడిగిన నీటిని కూడా పెంచి చూస్తేనే తేలుతుంది.

ఏ బ్యాక్టీరియా మీద పరీక్షిస్తున్నారో కూడా ముఖ్యమే. సికాడా రెక్క పలుచని గోడ ఉన్న గ్రామ్ నెగెటివ్ రకాలను చంపింది, స్టాఫిలోకాకస్ ఆరియస్ లాంటి మందగోడ రకాల మీద పనిచేయలేదు. అదే బృందం 2013లో తూనీగ రెక్కను, దాన్ని పోలిన నల్ల సిలికాన్‌ను పరీక్షిస్తే రెండు రకాలూ చచ్చాయి. మీ దగ్గర కనీసం రెండు రకాలూ చెరొకటి ఉండాలి. ఇంకొకటి, చచ్చిన కణాల పెంకులు స్తంభాలను కప్పేస్తాయి. మొదటి గంట ఫలితం చూసి ఆగకుండా, ఒక రోజు తర్వాత ఎలా ఉందో కూడా చూడండి.

కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలంటే 2.5 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో స్థిరపరచి, ఇథనాల్‌ను 30, 50, 70, 90, 100 శాతాలుగా పెంచుకుంటూ నీరు తీసేయాలి. చివరికి తలతన్యత లాగుడు లేకుండా ఆరబెట్టే క్రిటికల్ పాయింట్ డ్రైయర్ వాడాలి. మామూలుగా ఆరబెడితే ఆరిపోతున్న ద్రవం కణాలను కిందికి లాగి స్తంభాల మీద గుచ్చుతుంది, సన్నటి పాలిమర్ స్తంభాలనేమో వంచేస్తుంది. అలా గుచ్చుకున్న బొమ్మను చూసి స్తంభాలే చంపాయని రాయడం తేలిక, తప్పు.

బయట వాడే వస్తువులకు ఇంకో పరీక్ష కూడా కావాలి: రాపిడి. పాలిమర్ నానోస్తంభాలు వేలితో గట్టిగా రుద్దినా దెబ్బతింటాయి. తలుపు పిడికో, ఫోన్ తెరకో వేద్దామనుకుంటే గుడ్డతో రుద్ది, మళ్లీ కోణం కొలిచి, మళ్లీ మైక్రోస్కోపులో చూసి అప్పుడు నిర్ణయించుకోండి. ద్రవం మాత్రమే తాకే చోట్లు, గొట్టాల లోపలి గోడలు, పరీక్ష పళ్లేలు, కెమెరా లోపలి కటకాలు, వీటికి ఇంత భయం లేదు.

సిలికాన్ అచ్చును మాత్రం పారేయకండి, చాలాసార్లు పనికొస్తుంది. ముఖం దేనికీ తగలకుండా మూత ఉన్న పెట్టెలో పెట్టి, మీద తేదీ, పూస వ్యాసం, రెండు ప్లాస్మాల కాలాలు, ఎత్తు రాసి ఉంచండి. రబ్బరు వొలవడం గట్టిగా అనిపించడం మొదలైతే, లేదా ముక్కలు అచ్చు మీద మిగిలిపోతుంటే, సిలేన్ పూత అరిగిందని అర్థం. ఆక్సిజన్ ప్లాస్మాతో శుభ్రం చేసి, ఏడో దశలోని పూతను మళ్లీ వేసి, తర్వాతి నకలు తీయండి.